ఏడు రోజుల కూలీలు

విమానం టికెట్టుకు చందాలు పోగుచేసుకుని మరీ పరాయి దేశానికి వెళ్లి సిమెంటు మోస్తున్నాయి చర్చి బృందాలు. వారి చెమట నిజమే. లెక్క దగ్గరే చిక్కంతా

హోండురస్ కొండల్లో ఒక పల్లె. ఉదయం ఐదున్నర. చర్చి హాల్లో నేల మీద పరిచిన పరుపుల మీంచి పదిహేను మంది అమెరికన్లు ఒక్కొక్కరే లేస్తారు. వారిలో కాలేజీ కుర్రాళ్లుంటారు, బ్యాంకు ఉద్యోగులుంటారు, రిటైరైన టీచర్లుంటారు. అందరి టీషర్టులదీ ఒకటే రంగు. వీపు మీద ఒక బైబిలు వచనం, ఆ ఏడాది అంకె. అరగంట సేపు ఎవరికి వారు మౌనంగా బైబిలు చదువుకోవడం, ఆపైన కలిసి ప్రార్థన, తర్వాత గుడ్లు, బీన్స్, తోర్తియా రొట్టెలతో అల్పాహారం. ఏడు గంటలకు పికప్ ట్రక్కు వెనక ఎక్కి పనిస్థలానికి ప్రయాణం. అక్కడ ఇద్దరు స్థానిక మేస్త్రీలు అప్పటికే వచ్చి ఎదురు చూస్తుంటారు. వారికి ఇంగ్లీషు రాదు. వీరికి స్పానిష్ రాదు. రెండు వర్గాల మధ్య ఉమ్మడి భాష పార ఒక్కటే. వచ్చినవారిలో చాలామంది దాన్ని సరిగా పట్టుకోవడం అదే మొదటిసారి.

స్వల్పకాలిక మిషన్ యాత్రలుగా పేరుపడిన ఈ ప్రయాణాల దినచర్య గ్వాటెమాలాలోనైనా, మెక్సికో సరిహద్దు పట్నం తిహువానాలోనైనా, హైతీలోనైనా దాదాపు ఒకే మూసలో ఉంటుంది. పూర్వకాలపు మిషనరీ ఓడెక్కితే పదేళ్లకో, ఇరవయ్యేళ్లకో తిరిగొచ్చేవాడు. కొందరు అసలు రానేలేదు. ఇప్పటి మిషనరీ శనివారం విమానమెక్కి, ఆ పైవారం ఆదివారానికల్లా తన చర్చిలో ఫొటోలు చూపిస్తాడు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ వుత్నో 2000 దశకం మధ్యలో జరిపిన సర్వే ఆధారంగా వేసిన అంచనా ప్రకారం ఏటా 16 లక్షల మంది అమెరికన్ చర్చి సభ్యులు ఇలా విదేశాలకు వెళ్తున్నారు. ప్రయాణం సాధారణంగా వారం, పది రోజులే. 2020లో కొవిడ్ ఈ రాకపోకలకు అడ్డుకట్ట వేసినా, సరిహద్దులు తెరుచుకోగానే బృందాలు మళ్లీ బయల్దేరాయి.

వారు అక్కడ చేసేది ఎక్కువగా కూలి పని. పునాదులు తవ్వుతారు, ఇసుక జల్లిస్తారు, ఇటుకలు మోస్తారు, గోడలకు రంగులు వేస్తారు. ఆ కూలికి వారికి డబ్బు ముట్టదు సరికదా, వారే ఎదురు చెల్లిస్తారు. బయల్దేరడానికి కొన్ని నెలల ముందే బంధుమిత్రులకు ఉత్తరాలు రాసి చందాలు అడుగుతారు. కార్లు కడిగి, కేకులు అమ్మి టికెట్టు డబ్బు కూడబెడతారు. పనికి కరువున్న దేశానికి పని చేసిపెట్టడానికి వెళ్లడం కోసం ఇంత డబ్బు ఖర్చవుతోంది. ఇంత శ్రమ ఎవరికి ఉపకరిస్తోంది? ఇల్లు ఎవరిది, కూలి ఎవరిది, లాభం ఎవరిది? పాతికేళ్లుగా ఈ ప్రశ్నలను గట్టిగా అడుగుతున్నది చర్చికి వెలుపలివారు కాదు. ఆ బృందాలను దగ్గరగా చూసిన క్రైస్తవులే.

ముందు ఆ పని ఎలా ఉంటుందో చూడాలి. మొదటి రోజు తవ్వకం. గడ్డపారతో నేల పెళ్లగించడం, పారతో మట్టి ఎత్తిపోయడం. మధ్యాహ్నానికల్లా కొత్త తోలు గ్లౌజుల లోపల అరచేతులు బొబ్బలెక్కుతాయి. రెండో రోజు ఇనుప కడ్డీలను వంచి, బైండింగ్ వైరుతో కట్టడం. చేయి తిరిగినవాడు రెండు మెలికల్లో బిగించే ముడికి కొత్తవారు ఐదు నిమిషాలు తీసుకుంటారు. మూడో రోజు కాంక్రీటు. మిక్సర్ ఉండదు. ఇసుక, కంకర, సిమెంటు నేల మీదే కుప్పపోసి, మధ్యలో గుంట చేసి, నీళ్లు పోసి పారలతో తిప్పాలి. నీళ్లు ఒక బకెట్టు ఎక్కువైతే మాలు జారిపోతుంది. తక్కువైతే పార కదలదు. ఆ పాళ్లు మేస్త్రీ కంటికే తెలుసు. కలిసిన మాలును బకెట్లకెత్తి చేతి నుంచి చేతికి అందించే మానవ గొలుసు కడతారు. ప్రతి బృందం ఫొటోల్లోనూ తప్పక కనిపించే దృశ్యం ఇదే.

ఇటుక పేర్చే దగ్గర అసలు కథ మొదలవుతుంది. గుండు దారం వేలాడదీసి, రసమట్టం పెట్టి, తాపీతో సిమెంటు దిమ్మెలను వరస తప్పకుండా పేర్చడం ఏళ్ల తరబడి నేర్చే విద్య. ఇద్దరు మేస్త్రీలకు ఇద్దరో ముగ్గురో కూలీలు చాలు. ఇక్కడ పదిహేను మంది ఉంటారు. అందరికీ ఏదో ఒక పని చెప్పడమే మేస్త్రీకి పెద్ద పని. కొందరు ఒకసారి జల్లించిన ఇసుకనే మళ్లీ జల్లిస్తారు. కొందరు ఇటుకల కుప్పను ఇక్కడి నుంచి అక్కడికి మారుస్తారు. ఉత్సాహవంతులు తాపీ అడుగుతారు. అతిథులు కాబట్టి మేస్త్రీ కాదనలేడు. వరస వంకరపోతే, వారు భోజనానికి వెళ్లాకో, రాత్రికి బసకు చేరాకో విప్పి సరిచేసుకుంటాడు.

మధ్యాహ్నం నీడలో కూర్చుని వేరుశనగ వెన్న పూసిన రొట్టె. తాగేది సీసా నీళ్లే. అయినా వారంలో ఒకరిద్దరికి కడుపు పాడై మంచం పట్టక తప్పదు. మూడింటికి వాన కురిస్తే పని ఆగుతుంది. అప్పుడు పిల్లలు మూగుతారు. ఫుట్‌బాల్ ఆడతారు, పిగ్గీ బ్యాక్ ఎక్కుతారు, బెలూన్లు ఊదించుకుంటారు. సాయంత్రం బకెట్టు నీళ్లతో స్నానం. రాత్రి భోజనం తర్వాత గుండ్రంగా కూర్చుని, ఆ రోజు దేవుణ్ని ఎక్కడ చూశారో ఒక్కొక్కరూ చెప్పాలి. మొదటి రాత్రి మాటలు ధారాళంగా వస్తాయి. నాలుగో రాత్రికి ఒళ్లు నొప్పులు, నిద్రలేమి, ఇల్లు పైకి లేవడం లేదన్న నిరుత్సాహం మొదలవుతాయి. చివరి రోజు మాత్రం అన్నీ మరిచిపోతారు. కట్టడం సగంలో ఉన్నా సరే, ఇంటి ముందు అందరూ నిలబడి ప్రార్థిస్తారు. ఇంటి యజమానురాలు ఏడుస్తుంది. వచ్చినవారూ ఏడుస్తారు. ఆ కన్నీళ్లలో నటన లేదు. అందుకే ఈ వ్యవహారాన్ని తేలిగ్గా ఎగతాళి చేయడానికీ లేదు.

కూలి పనినే ఎందుకు ఎంచుకున్నారన్నదానికి కారణాలున్నాయి. సువార్త చెప్పాలంటే భాష రావాలి. వైద్యం చేయాలంటే చదువు కావాలి. పార పట్టడానికి రెండూ అక్కర్లేదు. చాలా దేశాలు మత ప్రచారకుల రాకను నియంత్రిస్తాయి. భారతదేశంలోనూ మిషనరీలకు వీసా వర్గమే వేరు. ఇల్లు కట్టడానికి వచ్చేవారిని అంత అనుమానంగా చూడరు. వీటన్నిటికీ తోడు ఒక విశ్వాసముంది. ఏసు వడ్రంగి ఇంట పెరిగినవాడు. అపొస్తలుడైన పౌలు గుడారాలు కుట్టి పొట్టపోసుకున్నవాడు. కాబట్టి చేతులతో చేసే పని కూడా ఆరాధనే అన్నది వారి నమ్మకం.

ఈ నమ్మకానికి గౌరవప్రదమైన చరిత్రే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1920లో స్విట్జర్లాండ్‌కు చెందిన పియర్ సెరెసోల్ అనే ఇంజనీరు, యుద్ధవ్యతిరేకి, కొద్దిమంది వలంటీర్లతో ఫ్రాన్స్‌లోని వెర్డన్ దగ్గర నేలమట్టమైన ఎన్ అనే గ్రామాన్ని తిరిగి కట్టడానికి పూనుకున్నాడు. ఆ వలంటీర్లలో జర్మన్లూ ఉన్నారు. నిన్నటి దాకా ఫిరంగులు పేల్చిన జాతి మనుషులు వచ్చి శిథిలాలు ఎత్తడాన్ని జీర్ణించుకోలేక కొందరు అభ్యంతరం చెప్పారు. కొద్ది నెలలకే శిబిరం మూతపడింది. కానీ ఆ పని అర్థమంతా ఆ చేతులు ఎవరివన్నదాంట్లోనే ఉంది. ఫ్రాన్స్‌లో తాపీ పనివాళ్లకు కొరత వచ్చి ఆ జర్మన్లు వెళ్లలేదు. డబ్బు పంపితే చెప్పలేని మాటను చెప్పడానికి వెళ్లారు.

అదే సెరెసోల్ పద్నాలుగేళ్ల తర్వాత భారత్ వచ్చాడు. 1934 జనవరి 15న బీహార్‌ను కుదిపేసిన భూకంపం తర్వాత సహాయ కార్యక్రమాలను బాబూ రాజేంద్రప్రసాద్ నడిపిస్తున్నారు. సెరెసోల్ గాంధీని కలిశాడు. 1937 దాకా పలుమార్లు వచ్చి ఉత్తర బీహార్‌లో గ్రామాల పునర్నిర్మాణంలో పనిచేశాడు. ఆయన వెంట వచ్చినవారు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే. ఒక యూరోపియన్ ఎండలో తట్ట మోయడం వలస పాలన నాటి భారతంలో ఎవరూ ఊహించని దృశ్యం. దొర అంటే గుర్రం మీద ఉండేవాడనుకునే కాలమది. అక్కడ కూడా ఆ శ్రమ విలువ ఎన్ని ఇటుకలు మోశాడన్న లెక్కలో లేదు.

అమెరికాలో ఈ ధోరణికి ఊపునిచ్చినవాడు మిల్లర్డ్ ఫుల్లర్. కోటీశ్వరుడైన ఈ అలబామా న్యాయవాది 1960ల్లో వ్యాపారాలు వదులుకుని, జార్జియాలో తెల్లవారు, నల్లవారు కలిసి పనిచేసే కోయినోనియా అనే క్రైస్తవ వ్యవసాయ క్షేత్రానికి చేరాడు. 1973 నుంచి మూడేళ్లు నాటి జైర్‌లో ఇళ్లు కట్టించి వచ్చి, 1976లో భార్య లిండాతో కలిసి హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీని స్థాపించాడు. 1984 నుంచి మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సుత్తి పట్టుకుని దాని పనిస్థలాల్లో కనిపించడంతో సంస్థ ప్రపంచ ప్రసిద్ధమైంది. 2006లో కార్టర్ దంపతులు మహారాష్ట్రలోని లోణావలా దగ్గర మాలవ్లీకి వచ్చారు. దేశవిదేశాల వలంటీర్లతో వారం రోజుల్లో వంద ఇళ్లు లేపాలన్నది లక్ష్యం. హాలీవుడ్ నటుడు బ్రాడ్ పిట్ కూడా వచ్చి చేయి వేయడంతో పత్రికలు ఇళ్లకన్నా ఆయన ఫొటోలే ఎక్కువ వేశాయి.

అయితే హ్యాబిటాట్ పద్ధతిలో ఒక మెలిక ఉంది. ఇల్లు ఉచితం కాదు. లబ్ధిదారు కుటుంబం లాభాపేక్ష లేని రుణం తీర్చాలి. తన ఇంటికి, పక్కవారి ఇళ్లకు గంటల లెక్కన శ్రమదానం చేయాలి. అంటే వచ్చిన వలంటీరు ఇంటివారికి చేసిపెట్టేవాడు కాదు, వారి పక్కన పనిచేసేవాడు. చిన్న తేడాలా కనిపించినా, ఈ ప్రయాణాలపై వివాదమంతా ఆ తేడా చుట్టూనే తిరుగుతోంది.

ఆ వివాదానికి అంకెలు అందించింది ఒక తుపాను. 1998 అక్టోబరు చివర్లో మిచ్ హరికేన్ హోండురస్ తీరాన్ని తాకి, కదలకుండా రోజుల తరబడి వాన కుమ్మరించింది. కొండచరియలు విరిగి ఊళ్లకు ఊళ్లే మట్టిలో కలిశాయి. చోలుటెకా నది రాజధాని తెగుసిగల్పాలోకి చొచ్చుకొచ్చింది. మధ్య అమెరికాలో 11 వేల మందికి పైగా మరణించారు. దేశం యాభై ఏళ్లు వెనక్కి పోయిందని నాటి అధ్యక్షుడు కార్లోస్ ఫ్లోరెస్ వాపోయాడు. 1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెన ఎరిగిన తెలుగువారికి ఆ విధ్వంసం వేరే వర్ణించనక్కర్లేదు. ఆ తర్వాత రెండు మూడేళ్లు ఉత్తర అమెరికా చర్చి బృందాలు హోండురస్‌కు బారులు తీరాయి. ఇళ్లు కట్టాయి.

మిషిగన్‌లోని కాల్విన్ కాలేజీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త కర్ట్ వెర్‌బీక్ అప్పటికే ఏళ్ల తరబడి హోండురస్‌లో నివసిస్తున్నాడు. ఆయనా విశ్వాసే. విదేశీ బృందాలు కట్టిన ఇళ్లలో ఉంటున్నవారినీ, స్థానిక క్రైస్తవ సంస్థలు కట్టిన ఇళ్లలో ఉంటున్నవారినీ కలిసి మాట్లాడాడు. వచ్చివెళ్లిన అమెరికన్లను, కెనడియన్లను ప్రశ్నించాడు. 2006లో అచ్చైన ఆ అధ్యయనం మిషన్ వర్గాల్లో కలకలం రేపింది. ప్రయాణ ఖర్చులతో కలిపి విదేశీ బృందాలు కట్టిన ఒక్కో ఇంటికి సగటున 30 వేల డాలర్లు అయింది. స్థానిక సంస్థలు అలాంటి ఇంటినే దాదాపు 2 వేల డాలర్లతో కట్టగలిగేవి. ఒక బృందం ప్రయాణం మానుకుని ఆ డబ్బు పంపి ఉంటే ఒక ఇంటి స్థానంలో పదిహేను ఇళ్లు లేచేవన్నమాట. ఆ పదిహేను ఇళ్ల మేస్త్రీలకూ, కూలీలకూ తుపాను మింగేసిన ఉపాధి దొరికేది.

డబ్బు సంగతి అటుంచి, పరదేశీయుల ప్రేమాభిమానాలు ఆ కుటుంబాలపై ప్రత్యేక ముద్ర వేసి ఉండాలి కదా? అదీ కనిపించలేదు. ఇల్లు ఎవరు కట్టారన్న దాన్నిబట్టి ఆ కుటుంబాల జీవితంలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదని తేలింది. మరి వచ్చివెళ్లినవారు మారారా? మారామనే చాలామంది చెప్పారు. ఇంతకుముందుకన్నా ఎక్కువ దానం చేస్తున్నామన్నారు. కానీ వారిని పంపిన సంస్థ ఖాతా పుస్తకాలతో సరిచూస్తే, చెప్పినంత పెరుగుదల కనిపించలేదు. ఇంటికొచ్చిన కొద్ది నెలలకు చేతుల మీది బొబ్బల్లాగే మనసులోని కదలిక కూడా మానిపోతుందన్నమాట.

ఈ లెక్కకు బృందాలను పంపేవారి దగ్గర ఒక జవాబుంది, అది తీసిపారేయదగ్గది కాదు. వారు ప్రయాణం మానుకుంటే ఆ 30 వేల డాలర్లు హోండురస్‌కు చేరతాయన్నది భ్రమ. మనవరాలు పరదేశంలో ఇల్లు కట్టడానికి వెళ్తోందంటే వంద డాలర్లిచ్చే అమ్మమ్మ, ముక్కూముఖం తెలియని స్థానిక సంస్థకు చెక్కు పంపదు. కంటితో చూడని పేదరికం ఎవరినీ కదిలించదు. పైగా జీవితంలో ఒక్కసారైనా బకెట్టు నీళ్లతో స్నానం చేసిన ఓటరుకూ, చేయనివాడికీ తేడా ఉంటుంది. ఇది వారి వాదన. వారిలో కొందరైనా అలాంటి ప్రయాణం తర్వాతే స్పానిష్ నేర్చుకుని, నర్సులై, టీచర్లై, ఏళ్ల తరబడి ఉండిపోయారు. ఫుల్లర్ దంపతుల కథ కూడా ఒక ప్రయాణంతో మొదలై ఒక సంస్థగా ఎదిగిందే.

అయినా ఆ వాదనలోని డొల్లతనాన్ని అర్ధ శతాబ్దం కిందటే ఎత్తిచూపినవాడు ఇవాన్ ఇల్లిచ్. ఈ క్యాథలిక్ ఫాదిరీ మెక్సికోలోని క్వెర్నవాకాలో ఒక అధ్యయన కేంద్రం నడిపేవాడు. వేసవిలో మెక్సికన్ పల్లెల్లో సేవ చేయడానికి సిద్ధమవుతున్న అమెరికన్ విద్యార్థుల సభకు 1968 ఏప్రిల్‌లో ఆయన్ను ఉపన్యాసానికి పిలిచారు. మీ మంచి మనసులు మాకొద్దు పొమ్మని ఆయన ముఖానే చెప్పేశాడు. భాష కూడా రాని మీరు చేసే సేవ గురించి ఆ పల్లెవాసులు ఏమనుకుంటున్నారో మీకు ఎన్నటికీ తెలియదన్నది ఆయన వాదన. రండి, చూడండి, నేర్చుకోండి, కొండలెక్కండి. సాయం చేయడానికి మాత్రం రావద్దన్నాడు. పిలిచినవారు నొచ్చుకున్నారు. ప్రయాణాలు ఆగలేదు, ఏటికేడు పెరిగాయి. 2011లో రాబర్ట్ లప్టన్ అనే అట్లాంటా క్రైస్తవ కార్యకర్త తన పుస్తకంలో రాసిన ఉదంతం చూస్తే ఇల్లిచ్ నవ్వుకుని ఉండేవాడు. మెక్సికోలోని ఒక చర్చికి ఒకే వేసవిలో ఆరు బృందాలు వచ్చాయి. ఆరు సార్లూ రంగులు వేశాయి.

ఈ చర్చలో తెలుగు నేల నుంచి చెప్పదగ్గ పాఠం ఒకటుంది. ఒంగోలు కేంద్రంగా పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ మిషనరీ కాకముందు అమెరికాలో సర్వేయరు. 1876-78 నాటి మహా కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ జనం పిట్టల్లా రాలిపోతుంటే, ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్వకం చేపట్టింది. క్లౌ అందులో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. పార తాను పట్టలేదు. కొలతలు వేశాడు, తన సంఘంలోని తెలుగు బోధకులను పనుల పర్యవేక్షణకు పెట్టాడు, ఆకలితో నకనకలాడుతున్న వేల మందికి, ముఖ్యంగా మాదిగ పల్లెల జనానికి, పనీ కూలీ ఇచ్చాడు. ఇతర చోట్ల పనిలోకి రానివ్వకపోవడమో, కూలిలో కోత పెట్టడమో మామూలైన కాలంలో ఆ కూలి చేతికందడమే పెద్ద విశేషం.

ఆ తర్వాతి కథ అందరికీ తెలిసిందే. 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. తిండి కోసం మతం మారారన్న విమర్శ అప్పుడూ వచ్చింది, ఇప్పటికీ ఉంది. ఆ నింద వస్తుందనే కరువు పని సాగినంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదని క్లౌ చెప్పుకున్నాడు. మత మార్పిడిపై ఎవరి అభిప్రాయం ఎలా ఉన్నా, ఆ కరువు పని ఆర్థికం మాత్రం స్పష్టం. అక్కడ కొరత చేతులకు కాదు, కూలికి. పరదేశి తన దగ్గరున్న విద్యను, పలుకుబడిని తెచ్చాడు. పారలు ఆ ఊరివారి చేతుల్లోనే ఉన్నాయి. నూట ఇరవయ్యేళ్ల తర్వాత హోండురస్‌లో జరిగింది దీనికి తలకిందులు. కూలికి కొరతున్న చోటికి చేతులు దిగుమతి అయ్యాయి.

వెర్‌బీక్ అధ్యయనం వెలువడిన సంవత్సరమే హోండురస్‌లో మరో సంఘటన జరిగింది. ఆయన మరికొందరితో కలిసి 1998లో ప్రారంభించిన ఒక క్రైస్తవ న్యాయ సంస్థలో డియోనిసియో దియాజ్ గార్సియా అనే హోండురన్ న్యాయవాది పనిచేసేవాడు. ప్రైవేటు సెక్యూరిటీ గార్డులకు రావాల్సిన జీతభత్యాల కోసం ఆయన కంపెనీలపై కేసులు నడిపాడు. 2006 డిసెంబరు 4న తెగుసిగల్పాలో కోర్టుకు వెళ్తుండగా ఆయన్ను కాల్చి చంపారు. ఇటుకలు మోసినవారిని ఎవరూ కాల్చరు. కూలివాడికి రావాల్సిన కూలి అడిగినవాడికే ఆ ప్రమాదం. శ్రమను గౌరవించడమంటే ఏమిటన్న ప్రశ్నకు ఆ రెండు పనుల మధ్య దూరమే జవాబు. మొదటిదానికి ఏడు రోజులు చాలు. రెండోదానికి ఆ దేశం మనిషే కావాలి, అతని వెనక నిలబడే డబ్బూ, ధైర్యమూ కావాలి.

విమర్శల ప్రభావం కొంత కనిపిస్తోంది. ఇలాంటి యాత్రలు నడిపే అమెరికన్ సంస్థలు కొన్ని 2003లోనే ఏడు ప్రమాణాలతో ఒక నియమావళి రూపొందించుకున్నాయి. స్థానిక సంఘంతో భాగస్వామ్యం, ముందస్తు శిక్షణ, తిరిగొచ్చాక సమీక్ష వంటివి అందులో ఉన్నాయి. ఏం కట్టాలో, ఎవరు కట్టాలో ఊరివారే తేల్చాలని, ఎంతమంది విదేశీయులు వస్తే అంతమంది స్థానిక పనివాళ్లకు కూలి ఇవ్వాలని, ప్రయాణ ఖర్చుతో సమానంగా స్థానిక సంస్థకు విరాళం జతచేయాలని సూచించేవారు పెరిగారు. నైపుణ్యం ఉన్న ప్లంబర్లను, ఎలక్ట్రీషియన్లను పంపి అక్కడివారికి పని నేర్పించాలన్నది మరో సూచన. కొన్ని చర్చిలైతే ఇల్లు కడతామన్న మాటే మానేసి, చూసి నేర్చుకోవడానికి వెళ్తున్నామని నిజాయితీగా చెప్పుకుంటున్నాయి. ఇల్లిచ్ అడిగింది దాదాపు అదే.

ఇంతకూ ఈ యాత్రలను చూసి ముసిముసిగా నవ్వుకునే అర్హత మనకుందా? చదువుకున్నవాడు తట్ట ముట్టుకుంటే పరువు పోతుందనుకునే సమాజం మనది. ఏ పని ఎవరు చేయాలో పుట్టుకతో రాసిపెట్టిన చోట, బ్యాంకు ఉద్యోగిని బొబ్బల చేతులతో మేస్త్రీ కింద వారం రోజులు పనిచేసి, అతని విద్య ముందు తన చదువు ఎందుకూ పనికిరాదని తెలుసుకోవడం చిన్న విషయం కాదు. హోండురస్ మేస్త్రీ జీవితంలో తన మాట విని తెల్లదొరలు పరుగెత్తే వారం అదొక్కటే కావచ్చు. సెరెసోల్ శిబిరాల్లో వెతికింది ఆ తలకిందుల క్షణాన్నే. అది దొరికినప్పుడు ఆ ప్రయాణానికి అర్థముంది. కాకపోతే దానికి ఇల్లు సాకు కాకూడదు.

ఎందుకంటే విమానమెక్కి పరాయి దేశంలో సిమెంటు మోసేవారు ఇంకొకరున్నారు. కరీంనగర్, నిజామాబాద్, కడప పల్లెల నుంచి దుబాయ్, దోహా వెళ్లేవారు. వారి టికెట్టుకు అమ్మమ్మలు చందాలివ్వరు. వడ్డీ వ్యాపారి ఇస్తాడు. ఏజెంటుకు కట్టిన అప్పు తీరడానికే ఏడాదో, రెండేళ్లో పడుతుంది. వారూ ఒకే రంగు దుస్తులు వేసుకుంటారు, హాల్లో వరసగా పడుకుంటారు, ఐదున్నరకు ముందే లేస్తారు, బస్సెక్కి పనిస్థలానికి వెళ్తారు. వేసవిలో మిట్టమధ్యాహ్నం ఎండలో పని చేయించరాదన్న నిబంధన గల్ఫ్ దేశాల్లో వచ్చిందంటే, ఆ ఎండలో ఏం జరిగిందో ఊహించుకోవచ్చు. వారు కట్టిన మేడ ముందు నిలబడి ఎవరూ ఏడవరు. పార ఒకటే, మాలు ఒకటే. ఒకరికి శ్రమ ఎంపిక, మరొకరికి గతి. ఏడు రోజుల కూలీ తిరిగి ఇంటికి తీసుకెళ్లదగ్గ జ్ఞానం ఏదైనా ఉంటే అది ఈ తేడాయే.

ఆదివారం ఉదయం బృందం విమానాశ్రయానికి బయల్దేరుతుంది. చేతి తొడుగులు, బూట్లు ఎవరికో ఇచ్చేస్తారు. ఇంటి యజమానురాలి చేతిలో ఒక బైబిలు, తాళంచెవి ఉంటాయి. సోమవారం పొద్దున్నే మేస్త్రీ ఒక్కడే వస్తాడు. గోడ వెంట గుండు దారం వదులుతాడు. తేడా ఉన్న వరసల్ని విప్పి మళ్లీ పేరుస్తాడు. వచ్చే శనివారం ఇంకో బృందం దిగుతుందని తెలిస్తే, వారి కోసం కొంచెం ఇసుక జల్లించకుండా అట్టిపెడతాడు.